ఉప్పుగాలి ఊళ్లో బానెట్ మీద గులకరాయి దెబ్బ

చెన్నై నుంచి నెల్లూరు, తిరుపతి వైపు సొంతూళ్లకు తరచూ వెళ్లొచ్చే కార్లను ముందు నుంచి చూడండి. బానెట్ అంచున, హెడ్‌లైట్ల పైన, అద్దం దాటి రూఫ్ మొదలయ్యే చోట పెయింట్ చుక్కలు చుక్కలుగా లేచిపోయి ఉంటుంది. హైవే మీద ముందు వెళ్లే టిప్పర్ల నుంచి, వాటి టైర్ల కింది నుంచి ఎగిరిపడే కంకర చేసే పని ఇది. ఆవగింజంత చుక్కే కదా అని వదిలేస్తాం. సముద్రానికి దూరంగా, పొడిగా ఉండే ఊళ్లో అది ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. చెన్నైలో అలా వదిలేయకూడదు.

దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో ముఖ్యంగా తేల్చేది మన వేగమే. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. గాల్లోకి లేచిన ఒక గ్రాము రాయిని కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే ఆ శక్తి దాదాపు 0.1 జౌల్. 100 కిలోమీటర్ల వేగంలో దాదాపు 0.4 జౌల్. అంకె చిన్నదే, కానీ అదంతా రాయి మొన తగిలిన ఒక్క బిందువు మీదే పడుతుంది. అక్కడ పెయింట్ మందం అన్ని పొరలూ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అందుకే టిప్పర్ వెనకాల అంటుకుని వెళ్లకుండా దూరం పాటించడం అన్నిటికన్నా చవకైన రక్షణ.

పెయింట్‌లో పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్, దాని కింద రంగు, ఆ కింద ప్రైమర్, అన్నిటికీ అడుగున ఈ-కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీలో కారు బాడీని మొత్తంగా ఒక పెద్ద తొట్టెలో ముంచి, కరెంటు పంపి ఈ చివరి పొరను పట్టిస్తారు. స్ప్రే చేరని సందుల్లోకి కూడా అది చేరుతుంది. దాదాపు 20 మైక్రాన్ల మందమే ఉన్నా తుప్పుకు అసలు అడ్డు అదే. రాయి దాన్ని చీల్చుకుని ఇనుము దాకా వెళ్లిందా లేదా అన్నదే మనం చూడాల్సింది. చుక్కలో బూడిద రంగో తెలుపో కనిపిస్తే ప్రైమర్ ఇంకా ఉందన్నమాట, అంత టెన్షన్ అక్కర్లేదు. లోహం మెరుపో గోధుమ రంగో కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. బంపర్ మీద దెబ్బలు చూడటానికి బాగోవు గానీ, ఇప్పటి కార్లలో అది ప్లాస్టిక్ కాబట్టి తుప్పు పట్టదు.

ఇనుము బయటపడ్డాక జరిగేది చిన్న విద్యుత్ రసాయన చర్య. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. పక్కనే ఇంకోచోట ఆక్సిజన్, నీరు ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటాయి. ఈ రెండు చోట్లనూ కలపడానికి తేమ కావాలి. తేమలో ఉప్పు ఉంటే పని ఇంకా వేగంగా సాగుతుంది. వాన పడకపోతే తేమ ఎక్కడిది అనుకుంటాం. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు రేణువులు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుని కరిగిపోతాయి. చెన్నైలో రాత్రుళ్లు, తెల్లవారుజామున తేమ చాలా రోజులు ఈ హద్దు దాటే ఉంటుంది. తీరాన ఉన్న తిరువాన్మియూరులోనో, సముద్రం వెంబడి సాగే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పక్కనో వీధిలో నిలిపిన కారు మీద చుక్క వాన లేకుండానే, కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఏర్పడుతుంది.

అసలు నష్టం ఇంకా లోపల ఉంటుంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందుకునే చోట క్షారం పుడుతుంది. ఆ క్షారం పెయింట్‌కీ ఇనుముకీ మధ్య పట్టును వదులు చేస్తుంది. తేమ ఆ సందులోకి జారుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న పెయింట్‌ను బొబ్బలా లేపుతుంది. పైకి కనిపించే చుక్క చిన్నదే, కింద పాడైన వలయం మాత్రం పెద్దది.

కొన్ని కార్లలో ఇనుప రేకు మీద జింక్ పూత ఉంటుంది. జింక్ తాను ముందుగా కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఒక లోహాన్ని అడ్డుపెట్టి ఇంకో లోహాన్ని కాపాడే ఈ పద్ధతిని ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లోనే ఓడల అడుగున రాగి రేకుల మీద చూపించాడు. ఆ పూత ఉంటే సమయం దొరుకుతుంది, అంతే. జింక్ అయిపోయాక వంతు ఇనుముదే.

ఇప్పుడు షోరూముల్లో, డీటెయిలింగ్ షాపుల్లో అమ్మే పూతల సంగతి. సిరామిక్ కోటింగ్ మెరుపునిస్తుంది, నీటిని నిలవనివ్వదు, మురికి తేలిగ్గా వదులుతుంది. కానీ దాని మందం సాధారణంగా కొద్ది మైక్రాన్లే. ఎగిరొచ్చే కంకరను అది ఆపలేదు, ఆపుతుందని చెబితే నమ్మకండి. రాయి దెబ్బను నిజంగా తట్టుకునేది పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. ఇది 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న పాలీయురెథేన్ ఫిల్మ్. సాగే గుణం వల్ల దెబ్బ శక్తిని తనలో పంచేసుకుంటుంది. ఖరీదు ఎక్కువ. కారంతా వేయించాల్సిన అవసరం నాకు కనిపించదు. బానెట్ ముందు భాగం, ఫెండర్ల ముందు అంచులు, చక్రాల వెనక కింది పట్టీలు, ఈ చోట్లకు వేయిస్తే డబ్బు సరిగ్గా ఖర్చయినట్టే.

ఇప్పటికే పెయింట్ లేచిపోయిన చుక్కకు టచ్-అప్, అంటే ఆ చోట మాత్రమే రంగు వేయడం చాలు. కారు మీది స్టిక్కర్‌లో ఉండే కలర్ కోడ్ చూసి పెయింట్ తెచ్చుకోండి. ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడవాలి. గోధుమ రంగు కనిపిస్తే సన్నటి ఎమెరీ కాగితంతో గీకి, మిగిలిన తుప్పును మార్చేసే రస్ట్ కన్వర్టర్ అనే మందు రాయాలి. ఇలాంటి మందుల్లో కొన్నిటిలో టానిక్ ఆమ్లం ఉంటుంది. అది తుప్పుతో కలిసి నల్లటి, నీటిలో కరగని పదార్థంగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుము, బెల్లం పులియబెట్టి చేసిన కసిమితో గీస్తే గీత నల్లబడేదీ ఇలాంటి చర్య వల్లే. ఆ తర్వాత ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ ఒక్కొక్కటీ పలచగా, ఆరనిస్తూ వేయాలి. తుప్పు మీదే నేరుగా రంగు పూస్తే తేమనూ ఉప్పునూ లోపల పెట్టి మూత వేసినట్టే.

కడిగే నీళ్ల గురించి కూడా చెప్పాలి. చెన్నై తీరం వెంట చాలాచోట్ల, ముఖ్యంగా ఉత్తరాన మీంజూరు వైపు, సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చింది. అలాంటి బోరు నీళ్లతో రోజూ కారు కడిగితే నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. మీ బోరు ఉప్పగా ఉంటే చివర్లో ఒక బకెట్ మంచినీళ్లు బానెట్ మీద, చక్రాల సందుల్లో పోసి పొడి గుడ్డతో తుడవండి.