దెయ్యం సాక్ష్యంతో హంతకుడికి శిక్ష పడిందా? గ్రీన్‌బ్రయర్ కేసు వెనక అసలు కథ

అమెరికాలో దెయ్యాల కథలకి కొదవేం లేదు, తల లేని గుర్రపురౌతు దగ్గర్నుంచి టెనెస్సీ బెల్ విచ్ దాకా బోలెడు ఉన్నాయి, కానీ వాటన్నిటిలో హత్య కేసుగా కోర్టు మెట్లెక్కిన కథ అంటే వెంటనే గుర్తొచ్చేది గ్రీన్‌బ్రయర్ దెయ్యం. వెస్ట్ వర్జీనియాలో దీని గురించి గవర్నమెంట్ బోర్డే ఉంది, దెయ్యం సాక్ష్యం హంతకుడికి శిక్ష పడటానికి సాయం చేసిన కేసు తెలిసినంతలో ఇదొక్కటేనని రాసి ఉంటుంది. హాలోవీన్ టైంలో వీడియోలన్నీ ఆ లైను పట్టుకునే తిరుగుతాయి. నాకైతే ఆ లైను ఒక తల్లి చేసిన పోరాటాన్ని పక్కకి నెట్టేసినట్టు అనిపిస్తుంది, అందుకే మొదట్నుంచీ చెప్తా.

ఆ అమ్మాయి పేరు జోనా హీస్టర్. 1896లో గ్రీన్‌బ్రయర్ కౌంటీకి కమ్మరి పని చేసుకుంటూ వచ్చిన ఎడ్వర్డ్ షూ అనేవాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుంది, తల్లి మేరీ జేన్‌కి మాత్రం వాడు మొదట్నుంచీ నచ్చలేదు. మూడు నెలలు కూడా సరిగ్గా గడవకుండానే, 1897 జనవరి 23న, ఏదో పని చెప్పి షూ పంపిన ఒక పిల్లాడు వాళ్ళింటికెళ్ళి చూస్తే జోనా నేల మీద చనిపోయి పడుంది.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా చూడాలి. డాక్టర్ నాప్ వచ్చేసరికే షూ శవాన్ని పైగదిలోకి మోసుకెళ్ళి, కడిగి, బట్టలు కూడా తొడిగేశాడు. మామూలుగా ఆ పని ఊళ్ళో ఆడవాళ్ళు చేస్తారు, వీడు మాత్రం ఎవర్నీ రానివ్వలేదు, పైగా మెడ కనపడకుండా గట్టి ఎత్తు కాలర్ ఉన్న గౌను వేశాడు. డాక్టర్ పరీక్ష చేస్తున్నంతసేపూ తలని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు, మెడ దగ్గరికి చెయ్యి పోనిస్తే గొడవ చేశాడు, ఆయన ఇంక వదిలేసి వెళ్ళిపోయాడు. ముందు మూర్ఛ వచ్చి తేరుకోలేదని రాశారు, తర్వాత దాన్ని కాన్పుకి సంబంధించిన కారణంగా మార్చారు. మర్నాడే పూడ్చిపెట్టేశారు కూడా.

మేరీ జేన్ కొన్ని వారాలు ప్రార్థన చేస్తూనే ఉంది. ఆ తర్వాత నాలుగు రాత్రులు వరసగా కూతురు వచ్చి మాట్లాడిందని, రాత్రి భోజనంలో మాంసం వండలేదని మొగుడు కోపంతో మెడ విరిచేశాడని చెప్పిందని అంది. ఈ మాట చెప్పడానికి లూయిస్‌బర్గ్‌లో ఉన్న ప్రాసిక్యూటర్ జాన్ ప్రెస్టన్ దగ్గరికి వెళ్ళింది.

ఇప్పుడు మనకి వింతగా అనిపిస్తుంది గానీ అప్పటి అమెరికాలో ఇది మరీ పిచ్చి మాటేం కాదు. 1848లో న్యూయార్క్ రాష్ట్రం హైడ్స్‌విల్‌లో ఫాక్స్ అక్కాచెల్లెళ్ళు చనిపోయినవాళ్ళ ఆత్మలు తట్టి జవాబు చెప్తున్నాయని అన్న దగ్గర్నుంచి అదొక పెద్ద ఉద్యమం అయిపోయింది, తర్వాత అంతర్యుద్ధంలో లక్షలమంది పోయేసరికి కొడుకుతోనో మొగుడితోనో ఒక్కసారి మాట్లాడాలని తపించే ఇళ్ళు ఊరూరా ఉండేవి. 1888లో మ్యాగీ ఫాక్స్ స్టేజీ ఎక్కి ఆ చప్పుళ్ళు కాలి వేళ్ళతో చేసినవేనని ఒప్పుకున్నా నమ్మకం పోలేదు.

ప్రెస్టన్ దెయ్యాన్ని నమ్మాడో లేదో గానీ డాక్టర్‌ని మళ్ళీ అడిగించాడు, పరీక్ష పూర్తిగా చెయ్యలేదని ఆయన ఒప్పుకున్నాడు. అంతే, ఫిబ్రవరి 22న శవాన్ని పైకి తీయించి పోస్ట్‌మార్టం చేయించారు. మెడ ఎముక విరిగింది, శ్వాసనాళం నలిగిపోయింది, గొంతు మీద వేళ్ళ గుర్తులున్నాయి. కేసు నిలబడింది దీని మీద, దానికి తోడు షూ ప్రవర్తన మీద.

జూన్‌లో విచారణ మొదలైతే ప్రెస్టన్ తల్లిని సాక్షిగా పిలిచాడు కానీ దెయ్యం ఊసే ఎత్తలేదు. ఎత్తింది షూ తరఫు లాయరు! ఆవిడకి మతి సరిగ్గా లేదని జ్యూరీకి చూపిద్దామని, అది కలే కదా, దిగులుతో అలా అనిపించింది కదా అని తిప్పి తిప్పి అడిగాడు. ఆవిడ ఒక్క మాట కూడా మార్చలేదు, కల కాదు, పూర్తిగా మెలకువగానే ఉన్నానంది. ఈ ప్రశ్నలు అడిగింది డిఫెన్సే కాబట్టి ఆ మాటలన్నీ జ్యూరీ విన్నది, షూ లాయరే చేజేతులా వినిపించాడు. ఆ జులైలోనే దోషి అని తేల్చి యావజ్జీవం వేశారు, 1900లో వాడు మౌండ్స్‌విల్ జైల్లోనే పోయాడు.

ఆ తల్లి నిజంగా ఏం చూసిందన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకోవచ్చు. నేననుకునేది ఏంటంటే, అల్లుడి మీద అనుమానంగా ఉందని మాత్రమే చెప్పుంటే ఆ పల్లెటూరి ఆవిడ మాట ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, కూతురే వచ్చి చెప్పిందనేసరికి కనీసం కూర్చోబెట్టి విన్నారు. ఆవిడ 1916లో చనిపోయేదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

కథ దెయ్యం చుట్టూ తిరగడం వల్ల మరుగున పడిపోయిన సంగతి ఇంకోటి ఉంది. జోనా వాడికి మూడో భార్య. మొదటామె విడాకులు తీసుకుని బయటపడింది. రెండో ఆమె లూసీ ట్రిట్ పెళ్ళైన ఏడాదిలోపే అనుమానాస్పదంగా చనిపోయింది, ఆ చావుకి మాత్రం వాణ్ణి ఎవరూ బోనెక్కించలేదు.