మిస్సోరీ ఒడ్డుకు రాయి పేర్చిన కథ

అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆరేబియా స్టీమ్‌బోట్ మ్యూజియం చూసినవాళ్లకు ఆ పడవలో దొరికిన ఊరగాయ సీసాలు గుర్తుండే ఉంటాయి. 1856 సెప్టెంబరులో మిస్సోరీ నదిలో వెళ్తున్న ఆరేబియా అనే ఈ ఆవిరి పడవకు నీళ్లలో మునిగి ఉన్న వాల్‌నట్ మాను గుచ్చుకుంది. పడవ నిమిషాల్లో మునిగింది. మనుషులంతా బయటపడ్డారు, కట్టేసి ఉన్న కంచరగాడిద మాత్రం పోయింది. 1988లో పడవను తవ్వి తీసింది నదిలోంచి కాదు, ఒడ్డుకు అర మైలు దూరంలోని పొలంలోంచి. పడవ 45 అడుగుల లోతున, మునిగినచోటే ఉంది. నదే పక్కకు జరిగిపోయింది.

కోనసీమ లంకల్లో ఏటికోత చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఏరు ఒక ఒడ్డు కోసుకుంటుంది, ఎదురొడ్డున మేట వేస్తుంది. కోసిన ఒడ్డుతో పాటు చెట్లు కూలి నీళ్లలో పడతాయి. ఆ మానుల చాటున వడి తగ్గి చేపలు నిలుస్తాయి. మేట వేసిన చోట ఇసుక దిబ్బలు లేస్తాయి, వాటి వెనక పాయల్లో మోకాటి లోతు నీళ్లుంటాయి. చేపపిల్లలు పెరిగేది అక్కడే. లీస్ట్ టెర్న్, పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పిట్టలు గడ్డి మొలవని ఇసుక మీదే గుడ్లు పెడతాయి. ఏటా వరద వచ్చి మొక్కల్ని ఊడ్చేస్తేనే వాటికి చోటు. రైతుకు ‘కోత’ అయినది వీటికి ఇల్లు.

పడవలకు మాత్రం ఈ నది నరకం. అందుకే 1912లో అమెరికా కాంగ్రెస్ కాన్సాస్ సిటీ నుంచి ఈ నది మిస్సిసిపీలో కలిసేచోటు దాకా ఆరడుగుల లోతు దారి కావాలంది. 1927లో పనిని ఎగువన, అయోవా రాష్ట్రంలోని సూసిటీ ఊరి దాకా పొడిగించారు. 1945 నాటి చట్టం తొమ్మిది అడుగుల లోతు, 300 అడుగుల వెడల్పు అని ఖరారు చేసింది. పని సైన్యపు ఇంజినీర్లది.

తొలినాటి పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ఒడ్డును ఏటవాలుగా చెక్కి, విల్లో చెట్ల కొమ్మల్ని చాపలా అల్లి దాని మీద పరిచి, పైన రాళ్లేసి నీళ్లలోకి దించేవారు. నదిలోకి కర్ర దుంగల్ని గుత్తులుగా దిగ్గొట్టి వరసలు కట్టేవారు. మన గోదావరి జిల్లాల్లో గ్రోయిన్లంటామే, ఆ కోవలోవే. దుంగల మధ్య వడి తగ్గి ఒండ్రు దిగేది. దాని మీద విల్లోలు మొలిచి, కొన్నేళ్లకు నేల తేలేది. నది తెచ్చిన మట్టితోనే నదిని ఇరుకు చేశారు. తెలివైన పనే, ఒప్పుకోవాలి. తర్వాత్తర్వాత కర్ర పోయి అంతా రాయే అయింది.

1981కి పని ముగిసింది. సూసిటీ నుంచి దిగువకు 735 మైళ్లు, అంటే దాదాపు 1,180 కిలోమీటర్ల నది ఒక్క కాలువై కూర్చుంది. పాయలు, దిబ్బలు, ఒడ్డు అడవులు కలిపి పోయిన ఆవాసం 5,22,000 ఎకరాలని ఇంజినీర్ల లెక్కే చెప్పింది. అందులో చాలాభాగం ఇప్పుడు సాగు భూమి. ఇక పడవలంటారా, ఇసుక, కంకర పక్కనపెడితే సరుకు రవాణా 1977లో 33 లక్షల టన్నుల దాకా వెళ్లి అక్కడి నుంచి దిగిపోయింది. పడవల కోసం కట్టినది చివరికి పొలాలకు కాపలా అయింది.

పాపమంతా రాయి మీదకే నెట్టడం కూడా సబబు కాదు. ఎగువన కట్టిన ఆరు పెద్ద ఆనకట్టలు ఒండ్రును ఆపేశాయి, వరద ఊపును చంపేశాయి. పైగా రాళ్ల సందులు కొన్ని జీవులకు బాగానే నప్పాయి. నీటి పురుగులు, ఫ్లాట్‌హెడ్ అనే క్యాట్‌ఫిష్ అక్కడ హాయిగా ఉంటాయి. చితికిపోయినవి బురద నీటికి, ఇసుక అడుగుకు అలవాటు పడ్డవి. పిట్టలు రెండూ 1985లో రక్షిత జీవుల జాబితాకెక్కాయి. వాటిలో టెర్న్ కోలుకుని 2021లో జాబితా నుంచి బయటికొచ్చింది. 1990లో పాలిడ్ స్టర్జన్ అనే చేప వంతు వచ్చింది. పారలాంటి ముక్కు, దాని కింద నాలుగు మీసాలు, ఒంటిమీద ఎముక పలకల వరసలు, మనిషంత పొడుగు. డైనోసార్ల కాలంనాటి వంశం.

దిద్దుబాటు 1970ల్లోనే మొదలైంది. గ్రోయిన్లకు గండ్లు కొట్టి నీటిని వెనక్కి పోనిచ్చారు. 1986, 1999 చట్టాలతో 1,66,750 ఎకరాలు మళ్లీ నదికి వదలడానికి అనుమతి వచ్చింది. రైతులకు ఇది నచ్చలేదు. తమ పొలాలు ఏళ్ల తరబడి మునగడానికి ఈ మార్పులే కారణమని 2014లో మూడొందల డెబ్బై మందికి పైగా దావా వేశారు. 2018లో కోర్టు చాలామంది విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అంది. రాయి ఉందన్న ధైర్యంతో మూడు తరాలు వ్యవసాయం చేసినవాళ్లు వాళ్లు. వాళ్ల కోపాన్ని కొట్టిపారేయలేం.

అసలు విచిత్రం పరిశోధకులు స్టర్జన్లకు ట్రాన్స్‌మిటర్లు కట్టి వెంట తిరిగాక బయటపడింది. దిగువ మిస్సోరీలో అవి గుడ్లు పెడుతున్నది మలుపుల బయటి వైపున, రాయి పేర్చిన ఒడ్డు పక్కనే, లోతు నీళ్లలో. గట్టి అడుగు అక్కడే దొరుకుతోంది మరి. చిక్కంతా తర్వాత. పుట్టిన పిల్లలు సెంటీమీటరు కూడా ఉండవు. ఈదే బలం వచ్చేదాకా రోజుల తరబడి ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి. పాత నదిలో ఏ పాయలోకో, దిబ్బ చాటుకో చేరేవి. ఇప్పుడు సూటిగా తోసుకుపోయే కాలువలో ఆగే చోటు లేదు. దాంతో లోతు తక్కువ నీళ్లుంటే చాలన్న పాత ఆలోచన మారింది. పిల్లల్ని నడి ప్రవాహం నుంచి పక్కకు లాగాలన్నది 2018 నాటి కొత్త ప్రణాళిక. అందుకోసం ఎంచుకున్న మలుపుల్లో రాతి వరసల్ని సవరించి, నదిని వెడల్పు చేస్తున్నారు. పిల్లలు అక్కడ నిజంగా ఆగుతున్నాయా అని సన్నకంటి వలలు వేసి చూస్తున్నారు.