పంపు అరిస్తే ముందు సక్షన్ వైపు చూడండి

పిల్లలూ,

మన కొరాపుట్ కొండల్లో వాగు గట్టున మోటారు వేసినప్పుడు ఒక్కోసారి పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తుంది, వినే ఉంటారు. వెంటనే బేరింగు పోయిందంటారు, ఇంకా పెద్ద మోటారు కొందామంటారు. బేరింగు బాగానే ఉండి, తప్పు నీళ్లు లోపలికొచ్చే సక్షన్ వైపు ఉండొచ్చు, అటు మాత్రం ఎవరూ చూడరు.

నీళ్లు మరగడానికి వేడే అక్కర్లేదు, ఒత్తిడి బాగా పడిపోతే చల్లటి నీళ్లే మరుగుతాయి. పంపు నీటిని లాగుతుందంటాం గానీ నిజానికి లోపల ఒత్తిడి తగ్గితే బయటి గాలే నీటిని పైపులోకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ గాలి సుమారు 10.3 మీటర్ల నీటిని నిలబెడుతుంది. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఇంచుమించు ఒక మీటరు తగ్గిపోతుంది. విశాఖలో చక్కగా నడిచిన పంపు ఇక్కడ అరిచిందంటే ఇదీ ఒక కారణం కావచ్చు. పంపులో తిరిగే చక్రం, అదే ఇంపెల్లర్, దాని రెక్కల మొదట్లో ఒత్తిడి మరీ తగ్గితే ఆవిరి బుడగలు పుట్టి, కాస్త ముందుకెళ్లి ఒత్తిడి ఎక్కువున్న చోట చటుక్కున కూలిపోతాయి. ఆ దెబ్బలకు ఇనుము కూడా గుంటలు పడుతుంది. ఇదే కేవిటేషన్.

వేగం పెరిగితే చిక్కు ఇంకా పెద్దది. రాకెట్ ఇంజన్లోకి ఇంధనం నెట్టే పంపులు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి, అందుకే ఇంపెల్లర్‌కు ముందు మెలితిరిగిన రెక్కలతో ఇండ్యూసర్ పెడతారు. అది కొన్ని బుడగల్ని తట్టుకుంటూనే ఒత్తిడి పెంచి లోపలికి పంపుతుంది. అయితే ఒక రెక్క మీద బుడగల గుంపు పెద్దదైతే పక్క రెక్కకు ప్రవాహం తగిలే కోణమే మారిపోతుంది, అప్పుడా గుంపు రెక్క నుంచి రెక్కకు పాకుతూ ఒక్కోసారి ఇరుసు కంటే వేగంగా చుట్టేస్తుంది. ఇరుసు అదిరిపోతుంది. 1999 నవంబరులో జపాన్ ఎచ్-2 రాకెట్ కూలిపోయింది ఇలాంటి అదురుతోనే. హైడ్రోజన్ పంపులో ఇండ్యూసర్ రెక్క అలసి విరిగింది. వాళ్లు ఊరుకోకుండా సుమారు 3000 మీటర్ల లోతున సముద్రం అడుగు నుంచి ఆ ఇంజన్ని పైకి తీసి కారణం వెతికారు, నాకు ఆ పట్టుదలంటే ఎంతో గౌరవం.

మన శ్రీహరికోట నుంచి 2021 ఆగస్టు 12న వెళ్లిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ సంగతీ చూడండి. ఒక వాల్వు సీలు దెబ్బతిని హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గింది, దాంతో ట్యాంకులోని బూస్టర్ పంపు సరిగా నడవక ప్రయోగమే ఆగిపోయింది. ట్యాంకులో ఒత్తిడి నిలబెట్టడం, నెమ్మదిగా తిరిగే బూస్టర్ పంపుతో ముందే కొంత ఒత్తిడి పెంచడం, ఇండ్యూసర్ ముందు కేసింగును, అంటే పంపు బయటి తొడుగును, కాస్త వెడల్పు చేయడం, ఇవన్నీ ఇంజనీర్లు చేసే పనులే. అన్నీ లోపలికొచ్చే వైపే, గమనించారా?

మన పంపుకైతే దాన్ని వీలైనంత నీటి దగ్గరికి దించండి, సక్షన్ పైపు పొట్టిగా, లావుగా, వంకర్లు తక్కువగా ఉండాలి, దాని అడుగు చివరన ఉండే ఫుట్‌వాల్వు జల్లెడలో ఆకులు చేరకూడదు. నీళ్లు తగ్గించాలంటే నీళ్లు బయటికెళ్లే వైపున్న డెలివరీ వాల్వే తిప్పాలి, సక్షన్ వైపు ఎప్పుడూ బిగించకండి. అనుమానంగా ఉంటే నడుస్తుండగా డెలివరీ వాల్వు కొంచెం మూసి వినండి, చప్పుడు తగ్గితే చాలావరకు కేవిటేషనే. కరెంటు ఉన్న చోటు కనుక పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడే చేయండి.

మీ తాతయ్య