బెంగకూ ఆందోళనకూ మధ్య: హాస్టల్ చదువుల వెనుక ఉన్న పాత ప్రశ్న

ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, పొదిలి వైపు ఊళ్లలో పదో తరగతి గట్టెక్కిన పిల్లలను ఇంటర్ చదువు కోసం నెల్లూరులోనో ఒంగోలులోనో హాస్టల్లో చేర్చడం చాలా ఏళ్లుగా మామూలైపోయింది. చేరిన నెల తిరక్కుండానే కొందరికి జ్వరం వస్తుంది, అన్నం సయించదు, రాత్రి నిద్ర పట్టదు. రక్తపరీక్షలో ఏమీ తేలకపోతే ఇంట్లో పెద్దవాళ్లు "బెంగ పెట్టుకున్నాడు" అంటారు. ఆ పిల్లవాణ్ణే ఏడాది తరువాత చూసిన వైద్యుడు "యాంగ్జయిటీ" అని రాస్తాడు, పత్రికలు "ఆందోళన" అంటాయి. బెంగ అన్నప్పుడు దేనిమీద, ఎవరిమీద అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆందోళన అన్నప్పుడు ఆ ప్రశ్న జారిపోతుంది. మనిషి చేత మాట్లాడించి, అతనికే తెలియని మనసు లోతులను వెదికే మనోవిశ్లేషణ చరిత్ర అంతా ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకున్న చరిత్రే.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో, నరాల బలహీనత పేరుతో అందరూ ఒకే గాటన కట్టిన బాధల్లోంచి ఆందోళనను విడదీశాడు. తీరే దారి దొరకని లైంగికోద్రేకమే ఆందోళనగా మారుతుందని అప్పట్లో ఆయన నమ్మకం. 1926 నాటికి, డెబ్బయ్యో ఏట, ఆ మాటను తానే తిరగరాశాడు. కోరికను అణచడం వల్ల ఆందోళన పుట్టడం కాదు, ఆందోళన వల్లనే మనసు కోరికను అణచుకుంటుందనీ, రాబోయే ఆపదకు అది ముందస్తు హెచ్చరిక అనీ, పసితనంలో ఆ ఆపద ప్రేమించే మనిషి దూరం కావడమేననీ వివరించాడు. ముప్పై ఏళ్లు నిలబెట్టుకున్న సిద్ధాంతాన్ని ఇలా వదులుకోవడమే ఆయన పనిలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే సంగతి.

ఈ మార్పుకు బీజం 1905లో ఆయన రాసిన ఒక చిన్న ఉదంతంలోనే ఉంది. చీకటి గదిలో ఉన్న మూడేళ్ల పిల్లవాడు, భయంగా ఉంది, నాతో మాట్లాడమని పక్క గదిలోని పిన్నిని పిలుస్తాడు. నేను కనబడను కదా, మాట్లాడితే ఏం లాభమని ఆమె అడిగితే, ఎవరైనా మాట్లాడితే వెలుతురు వస్తుందని జవాబిస్తాడు. ఆదివారం హాస్టల్లో వార్డెన్ ఫోను కోసం వరుసలో నిలబడి, తన వంతు రాగానే "ఇవాళ ఏం కూర వండావమ్మా" అని అడిగే పిల్లకు కావలసిందీ ఆ వెలుతురే.

మన దేశంలో ఈ ఆలోచనకు తొలి కేంద్రం కలకత్తా. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో అక్కడ భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. కానీ ఈ చికిత్స పెద్ద నగరాలను దాటి మన జిల్లాల దాకా పెద్దగా రాలేదు. ఈలోగా 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం పాత "ఆందోళన న్యూరోసిస్" అనే ఒకే జబ్బును లక్షణాల జాబితాలున్న వేర్వేరు రుగ్మతలుగా విడగొట్టింది. దానివల్ల రోగనిర్ధారణలో స్పష్టత వచ్చిన మాట నిజమే. అయితే ఎన్ని లక్షణాలు, ఎంత కాలం అన్న లెక్క ముందుకొచ్చి, దేని గురించి అన్నది వెనక్కి పోయింది.

అంతకు చాలా ముందే, 1937లో, మనోవిశ్లేషకురాలు కారెన్ హోర్నీ ఆందోళన వేళ్లను సంస్కృతిలో వెదికింది. ప్రతివాడూ పక్కవాడికి పోటీదారైన సమాజంలో ఓటమి భయం, ఒంటరితనం, ప్రేమ కోసం ఆరాటం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయని ఆమె వాదన. మార్కులను బట్టి సెక్షన్లు మార్చే పద్ధతిని చూసినవారికి ఈ మాట కొత్తగా అనిపించదు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాలు అలాంటి విభజన వద్దన్నాయి, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలన్నాయి.

ఫ్రాన్సులో మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ 1962-63లో ఏడాది పొడవునా ఆందోళన మీదే ప్రసంగించి, ఫ్రాయిడ్ చెప్పినదానికి ఎదురు కోణం చూపాడు. తల్లి దూరమవడం కంటే, క్షణమైనా ఎడం ఇవ్వకుండా వెన్నంటి ఉండడమే బిడ్డను ఎక్కువగా కలవరపెడుతుందన్నాడు. ఎదుటివారు నానుంచి ఏం కోరుతున్నారో తెలియని స్థితే ఆయన దృష్టిలో ఆందోళన. వారాంతపు పరీక్ష మార్కులు పిల్లవాడికంటే ముందు తండ్రి ఫోనుకు చేరే ఈ రోజుల్లో, ఇంటికి దూరమైన బెంగా, ఇల్లు మరీ మీదికొచ్చిన ఉక్కిరిబిక్కిరీ ఒకే మంచం మీద పడుకుంటున్నాయి.

వింజమూరు దగ్గరి పల్లెలో నాకు తెలిసిన ఒక తల్లి, మార్కుల మెసేజ్ వచ్చిన రోజు కూతురికి ఫోన్ చేయదు. మరునాడు చేసి, ఈనిన బర్రె గురించీ దూడ గురించీ మాట్లాడుతుంది.