ఇంకా ఎంత సర్వీసు ఉండె?

మా అనంతపురంలో ఎవరైనా యాభై ఐదుకో యాభై ఎనిమిదికో పోతే, పరామర్శకు వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని మెల్లగా ఒక మాట అడుగుతారు. "ఇంకా ఎంత సర్వీసు ఉండె?" పోయినాయన గవర్నమెంటు ఉద్యోగి అయితే ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. సర్వీసులో ఉండగా పోతే ఇంట్లో ఒకరు కారుణ్య నియామకానికి అర్జీ పెట్టుకోవచ్చు. రిటైరైన మర్నాడు పోతే ఆ దారి లేదు. 2022లో మన రాష్ట్రం విరమణ వయసును 60 నుంచి 62కు పెంచింది కాబట్టి ఈ 'సర్వీసులో ఉండగా' అనే కాలం కూడా రెండేళ్లు సాగింది. ఆదోని మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీకి, తాడిపత్రిలో బండలు కోసే మనిషికి సర్వీసూ లేదు, విరమణా లేదు. వాళ్లింటికి పరామర్శకు వెళ్లినవాళ్లు అడిగేది అప్పుల సంగతి.

క్యాన్సర్ చావుల లెక్కలు కట్టే శాస్త్రజ్ఞులు కూడా ఇలాంటి ప్రశ్నే అడుగుతారు, కాకపోతే అందరి గురించీ అడుగుతారు. యూరప్ లెక్కల్లో తరచుగా 65 ఏళ్ల దగ్గర గీత గీసి, ఆలోపు చావులను విడిగా చూస్తారు. మన దేశంలో జరిగిన పెద్ద అధ్యయనం 30 నుంచి 69 ఏళ్ల వాళ్లను విడిగా చూసింది. గీత ఎందుకంటే, ఎనభై ఐదేళ్ల మనిషికి బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, కిడ్నీలు అంతంతమాత్రం, పైగా ఎక్కడో ఒక గడ్డ. ప్రాణం తీసింది వీటిలో ఏదో డాక్టరుకే తేల్చడం కష్టం. యాభై ఏళ్ల మనిషి చావుకు కారణం అంత గజిబిజిగా ఉండదు. పైగా ఆ వయసు చావుల్లో చాలావాటిని ఆపడానికో, కనీసం వాయిదా వేయడానికో వీలుంటుంది. అందుకే ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ తేడా చూడాలంటే ఈ వయసు అంకె బాగా పనికొస్తుంది.

ఈ వయసు క్యాన్సర్ చావుల్లో తేడాలు కూడా కొద్దిపాటివి కావు. యూరప్‌లో హంగరీ ఏళ్ల తరబడి అడుగు వరసలో ఉంటోంది, ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల. స్వీడన్ పరిస్థితి చాలా నయం. ఇందులో పెద్ద భాగం ఇరవై ముప్పై ఏళ్ల కిందట ఎవరు ఎన్ని సిగరెట్లు కాల్చారన్న దాన్నిబట్టి వచ్చిందే. క్యాన్సర్ నిదానంగా వచ్చే జబ్బు. ఈరోజు వేసిన చావుల మ్యాపులో కనిపించేది నిన్నటి మొన్నటి అలవాట్లు కాదు, మన నాయనల కాలం నాటివి.

మన దేశానికి వద్దాం. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2010లో భారతదేశంలో క్యాన్సర్‌తో పోయినవాళ్లు సుమారు 5,56,400 మంది. వాళ్లలో 3,95,400 మంది, అంటే నూటికి 71 మంది, 30 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లే. ఈ వయసు మగవాళ్లలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసింది నోరు, గొంతు క్యాన్సర్లు. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఈశాన్య రాష్ట్రాల్లో ముప్పై ఏళ్ల మగవాడు డెబ్బై నిండకముందే క్యాన్సర్‌తో పోయే అవకాశం 11.2 శాతమని తేలింది. అక్కడికి ఎంతో దూరం లేని బీహార్, జార్ఖండ్, ఒడిశాల్లో అది 3 శాతం లోపే.

ఇది చదవగానే నాకు మొదట తట్టింది, బీహార్‌లో జబ్బు పట్టుకునే డాక్టర్లు లేక అంకె తగ్గి ఉంటుందని. కానీ ఈ అధ్యయనం ఆసుపత్రి కాగితాల మీద ఆధారపడలేదు. శిక్షణ పొందిన మనుషులు చావు జరిగిన ఇళ్లకు వెళ్లి, పోయినవాళ్లకు ఏమేం బాధలుండేవో, ఎన్నాళ్లుండేవో ఇంట్లోవాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ రాతను ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు చదివి కారణం నిర్ణయించారు. కడుపులో గడ్డను కడుపునొప్పిగా చెప్పిన ఇళ్లు కొన్ని ఉండే ఉంటాయి, అయినా ఇంత తేడాకు అదొక్కటే కారణం కాలేదు.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో అంకె. ఏడాదికి క్యాన్సర్ చావులు పల్లె మగవాళ్లలో లక్షకు 95.6, పట్నం మగవాళ్లలో 102.4. అంటే పల్లెకూ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పట్నం గాలి, పట్నం తిండి వల్లే ఈ జబ్బులన్నీ అని రచ్చబండ దగ్గర ధీమాగా చెప్పేవాళ్లు ఈ అంకె చూడాలి. చదువు దగ్గర మాత్రం అంతరం పెద్దది. చదువు రాని మగవాళ్లలో లక్షకు 106.6, బాగా చదువుకున్నవాళ్లలో 45.7. అలాగని చదువుతోనే అంతా అయిపోతుందా అంటే మిజోరం ఎదురొస్తుంది. 2011 జనగణనలో అక్కడ అక్షరాస్యత 91 శాతం దాటింది, అయినా క్యాన్సర్లో దేశంలో ముందుంది. ఎందుకంటే పొగాకు. 2016-17 సర్వేలో మిజోరంలో పెద్దవాళ్లలో 58.7 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. మన ఆంధ్రలో 20 శాతం. అక్కడ పొగాకు పొగను నీళ్లలోకి పట్టి, ఆ నీళ్లను నోట్లో పోసుకుని పుక్కిలించే అలవాటు కూడా ఉంది. దాన్ని తుయిబూర్ అంటారు.

మ్యాపు డిటెక్టివ్ పని కూడా చేస్తుంది. 1975లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1950 నుంచి 1969 దాకా జరిగిన క్యాన్సర్ చావులను కౌంటీల వారీగా రంగులేసి అచ్చు వేసింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. దక్షిణాది పల్లెల్లో ఆడవాళ్లకు నోటి క్యాన్సర్ చావులు విపరీతంగా కనిపించాయి. నోటి క్యాన్సర్ మామూలుగా మగవాళ్లకు ఎక్కువ, మరి అక్కడ ఆడవాళ్లకెందుకు? నార్త్ కరోలినాలో జబ్బు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూస్తే తేలింది నశ్యం. ముక్కుతో పీల్చకుండా, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకుంటారట. ఏళ్ల తరబడి అలా పెట్టుకున్నవాళ్లకు బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్ ముప్పు దాదాపు యాభై రెట్లు. అదే మ్యాపులో తూర్పు తీరాన మగవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు కట్టే యార్డుల్లో పనిచేసినవాళ్లు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ దుమ్ము పీల్చారు. పనిచేసింది కొన్నేళ్లే, ఫలితం కనిపించింది దశాబ్దాల తర్వాత.

రాతినార అంటే కడప జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు దాన్ని తవ్వి తీసేవాళ్లు. ఆ గనుల్లో దిగిన కూలీ ఒంట్లో ఆ దుమ్ము ఏం చేసిందో తేలడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. అప్పటికి గని మూతబడి ఉంటుంది, హాజరు పట్టీ చెదలు తినేసి ఉంటుంది.

తెలుగు నేలలోనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. నోట్లో ఆ వేడి తగిలేది అంగిలికి, అందుకే వేరేచోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ అక్కడ కనిపిస్తుంది. మన సీమలో అడ్డపొగ తాగేవాళ్లను నేను చూడలేదు. ఇక్కడివాళ్లకు బీడీ, గుట్కా, వక్కాకు. వక్కాకులో పొగాకు లేకపోతే ఏం కాదని మా పెద్దమ్మ వాదించేది. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. ఆ మాట పెద్దమ్మకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

శెనక్కాయ సంగతి కూడా చెప్పాలి, అనంతపురంలో ఉంటూ అది చెప్పకపోతే ఎలా. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి తెచ్చిన శెనగ చెక్క దాణా దగ్గర తేలింది. అందులోని బూజు అఫ్లటాక్సిన్ అనే విషం వదులుతుంది. అది లివర్ క్యాన్సర్ తెస్తుంది, హెపటైటిస్-బి కూడా ఉన్న మనిషికైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చైనాలో చీడోంగ్ అనే చోట జనం మొక్కజొన్న మానేసి వరి అన్నానికి మారాక, బూజు విషం తగ్గి, లివర్ క్యాన్సర్ చావులూ తగ్గాయి. శెనక్కాయలో ఈ బూజు ఎక్కువగా చేరేది కాయ ఊరే దశలో బెట్ట వచ్చినప్పుడు. ఆ దశలో బెట్ట రాని ఏడాది మన జిల్లాలో ఎన్నిసార్లొచ్చింది? మంచి కాయ మిల్లుకు పోతుంది, ముడుచుకుపోయిన తాలుకాయ ఇంట్లో మిగులుతుంది, ఇంట్లోవాళ్లు దాన్నే వలుచుకు తింటారు. నల్లబడ్డ గింజ, చేదు గింజ ఉమ్మేయాలి. అనుమానానికి ఇంతవరకు బలం ఉంది. రుజువుకు మాత్రం లెక్క కావాలి.

లెక్క దగ్గరే చిక్కంతా. "మా ఊరి నీళ్లలోనే ఏదో ఉంది, ఈ ఏడు ముగ్గురు పోయారు" అనే మాట నేను కర్నూలు పడమటి మండలాల్లో విన్నాను, కడప దగ్గరా విన్నాను. ఒక చిన్న లెక్క వేద్దాం. ముప్పై నుంచి డెబ్బై లోపు వాళ్లు వెయ్యిమంది ఉన్న ఊరు. లక్షకు ఏడాదికి సుమారు వందమంది అన్న పై అంకె ప్రకారం ఆ ఊళ్లో ఏడాదికి ఒక క్యాన్సర్ చావు జరగాలి. కానీ చావులు వంతులవారీగా రావు. అలాంటి ఊళ్లు వంద తీసుకుంటే, నీళ్లలో ఏ దోషం లేకపోయినా, ఒక ఏడాదిలో దాదాపు 37 ఊళ్లలో ఒక్క చావూ ఉండదు, ఎనిమిది ఊళ్లలో మూడో అంతకంటే ఎక్కువో ఉంటాయి. ఆ ఎనిమిది ఊళ్లకే టీవీవాళ్లు వస్తారు. అమెరికాలో కిడ్నీ క్యాన్సర్ చావులు అతి తక్కువున్న కౌంటీలు చూస్తే జనం పల్చగా ఉన్న పల్లె కౌంటీలు. అతి ఎక్కువున్నవి చూసినా అవీ అలాంటివే. తక్కువమంది ఉన్నచోట అంకె ఊగుతుంది, అంతే. నీళ్లను పరీక్ష చేయించొద్దని కాదు. ఒక ఏడాది చూసి తీర్పు ఇవ్వకూడదు.

వలస ఇంకో మెలిక పెడుతుంది. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోతారు, రాజంపేట వైపు నుంచి కువైట్ పోతారు. పడుచువాళ్లంతా పోయాక ఊళ్లో మిగిలేది నడివయసు దాటినవాళ్లు. అప్పుడు వెయ్యికి ఇన్ని చావులని లెక్కేస్తే ఆ ఊరు రోగిష్టి ఊరుగా కనిపిస్తుంది. అందుకే లెక్కలవాళ్లు అన్ని ఊళ్లకూ ఒకే వయసుల పంపకం ఉన్నట్టు ఊహించి అంకెను సవరిస్తారు. పైన నేను చెప్పిన లక్షకు ఇన్ని అన్నవన్నీ అలా సవరించినవే.

ఇక చావు ఎక్కడ రాస్తారన్నది చూడండి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు జరిగినచోటే నమోదు చేయాలి. అనంతపురం మనిషి బెంగళూరు ఆసుపత్రిలో పోతే ఆ చావు బెంగళూరు పుస్తకంలోకి ఎక్కుతుంది. తెల్లవారుజామున మా బస్టాండులో బెంగళూరు బస్సు దగ్గర నిలబడితే, ఎక్స్‌రే కవరు, ప్లాస్టిక్ ఫైలు చంకలో పెట్టుకున్నవాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. కర్నూలువాళ్లు హైదరాబాద్ బస్సెక్కుతారు, కడపవాళ్లు తిరుపతికో వేలూరుకో పోతారు. ఈ ప్రయాణాలను విడదీసి, ఏ ఊరి మనిషిని ఆ ఊరి లెక్కలోనే వేసేది జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీ. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో అలాంటి రిజిస్ట్రీలు 28. మిజోరంలోని ఐజ్వాల్‌లో మగవాళ్లలో ఏడాదికి కొత్తగా క్యాన్సర్ వచ్చేవాళ్లు లక్షకు 269.4 అనీ, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్), బీడ్ జిల్లాల్లో 39.5 అనీ చెప్పగలిగింది వాటివల్లే. ఆ 28లో హైదరాబాద్ ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. ఇక దేశం మొత్తం మీద 2020లో నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. మ్యాపులో మన సీమ లేత రంగులో కనిపించిందని ఎవరైనా చెబితే నేనైతే అప్పుడే సంబరపడను.

ఉస్మానాబాద్ పేరు వచ్చింది కాబట్టి అక్కడి కథ చెబుతాను. అది ఆలూరు, పత్తికొండ లాంటి నేల. జొన్న, కరువు, వలస. 1999లో మొదలుపెట్టి ఆ జిల్లా పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లను గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో సుమారు 34 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందేమోనని జీవితంలో ఒక్కసారి పరీక్ష చేసే ఏర్పాటు. ఇంకో గుంపులో సుమారు 31 వేలమందికి మామూలుగా అందే వైద్యమే. ఎనిమిదేళ్లు చూశారు. పరీక్ష గుంపులో క్యాన్సర్ బయటపడింది 127 మందికి, రెండో గుంపులో 118 మందికి. జబ్బు దాదాపు సమానం. కానీ ముదిరాక బయటపడ్డవి మొదటి గుంపులో 39, రెండో గుంపులో 82. పోయినవాళ్లు మొదటి గుంపులో 34 మంది, రెండో గుంపులో 64 మంది. నేల ఒకటే, నీళ్లు ఒకటే, తినే జొన్నరొట్టె ఒకటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. మగవాళ్లలో నోరు తెరిచి చూపించుకున్నవాళ్లు 1.2 శాతం.

మా వీధికి ఆశా కార్యకర్త ఫారం పట్టుకుని వచ్చిన రోజు నేను అరుగు మీదే ఉన్నాను. ఎదురింటాయన గోడకు ఆనుకుని, బుగ్గ ఒకవైపు ఉబ్బించుకుని నిలబడ్డాడు. "నోట్లో మానని పుండ్లు గానీ, తెల్ల మచ్చలు గానీ ఏమైనా ఉన్నాయాన్నా?" అని ఆమె అడిగింది. ఆయన పక్కకు తిరిగి ఉమ్మి వచ్చి, "ఏం లేవు పాపా, లేవని రాసుకో" అన్నాడు. ఆమె రాసుకుంది.