అయిదు డాలర్ల టికెట్: ఫుగాజీ నిలబెట్టిన లెక్క

2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ కొన్ని రాష్ట్రాలను కలుపుకుని లైవ్ నేషన్ మీద, దాని చేతిలో ఉన్న టికెట్‌మాస్టర్ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. కచేరీ పెట్టేదీ, హాళ్లు నడిపేదీ, టికెట్లు అమ్మేదీ ఒకే సంస్థ అయిపోతే అది చెప్పిందే ధర అవుతుందన్నది ప్రభుత్వ వాదన. 2010లో ఆ రెండు కంపెనీలూ ఒకటి కావడానికి షరతులతో ఒప్పుకున్నదీ ఆ శాఖే. టికెట్ రేటు ఒక ఎత్తు, చివరి నిమిషంలో దాని మీద పడే సర్వీసు ఛార్జీలు ఇంకో ఎత్తు. అక్కడి శ్రోతలు వీటితో విసిగిపోయి చాలా ఏళ్లయింది.

ఈ గొడవ వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: పాడేవాడు తలచుకుంటే మాత్రం ఏం చేయగలడు, పద్ధతే అలా ఉంది కదా అని. చేయవచ్చని 15 ఏళ్లపాటు చేసి చూపించినవాళ్లు నలుగురున్నారు. వాషింగ్టన్ డీసీకి చెందిన పంక్ (వేగంగా, గట్టిగా, సాదాగా వాయించే రాక్ సంగీతం) బ్యాండు ఫుగాజీ 1987 నుంచి 2002 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. అమెరికాలోని 50 రాష్ట్రాలూ తిరిగింది, సముద్రాలు దాటి వెళ్లింది. టికెట్ దాదాపు ఎప్పుడూ 5 డాలర్లే. ఏ వయసువాళ్లయినా రావచ్చు. బ్యాండు మొదలైన 1987లో అమెరికాలో కేంద్రం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 3.35 డాలర్లు. అంటే హోటల్లో గిన్నెలు కడిగే కుర్రాడు గంటన్నర పనిచేస్తే ఫుగాజీని చూడొచ్చు.

ఆ 5 డాలర్లు దానధర్మం కాదు. పేరు కోసం వేసిన ఎత్తూ కాదు. అది లెక్క. ఆ లెక్క కుదరాలంటే మిగతా పనులన్నీ ఎలా చేసుకోవాలో వాళ్లు ఫుగాజీ పుట్టకముందే, బడి వయసులోనే నేర్చుకున్నారు.

1979 ఫిబ్రవరి 3న జార్జిటౌన్ యూనివర్సిటీలోని హాల్ ఆఫ్ నేషన్స్‌లో క్రాంప్స్ అనే బ్యాండు పాడింది. యాజమాన్యం మూసేసిన డబ్ల్యూజీటీబీ అనే విద్యార్థుల రేడియో కోసం పెట్టిన కచేరీ అది. జనంలో 16 ఏళ్ల ఇయాన్ మెకై ఉన్నాడు. తండ్రి వాషింగ్టన్ పోస్ట్‌లో పాత్రికేయుడు. ఆ రాత్రి తర్వాత ఆ కుర్రాడికి పంక్ తప్ప ఇంకో ధ్యాస లేదు. అదే ఊళ్లో బ్యాడ్ బ్రెయిన్స్ అనే బ్యాండు కూడా ఉంది. నలుగురు నల్లజాతి యువకులు. జాజ్‌లో రాక్ కలిపే జాజ్ ఫ్యూజన్ వాయిస్తూ పంక్ వైపు మళ్లినవాళ్లు. అంత వేగంగా, అంత కచ్చితంగా ఊళ్లో మరెవరూ వాయించలేకపోయేవారు. డీసీ పంక్ చరిత్రలో తెల్ల కుర్రాళ్ల పేర్లే ఎక్కువగా మోగుతాయి గానీ, వాళ్లకు గురువులు వీళ్లే. ఈ మాట ప్రతిసారీ చెప్పుకోవాలి.

మెకై, జెఫ్ నెల్సన్, నేథన్ స్ట్రెజ్‌చెక్ మరో మిత్రుడితో కలిసి టీన్ ఐడిల్స్ అని ఒక బ్యాండు పెట్టారు. కచేరీల్లో వచ్చిన కాస్త డబ్బూ పంచుకోకుండా ఒక పెట్టెలో వేస్తూ పోయారు. 1980లో బ్యాండు విడిపోయేనాటికి అందులో సుమారు 600 డాలర్లు పోగయ్యాయి. పంచేసుకుందామా, లేక మనం ఉన్నామన్న గుర్తుగా ఒక రికార్డు వేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. రికార్డు వైపే మొగ్గారు.

రికార్డులు వేసే కంపెనీ దొరకొచ్చు, కవర్లు చేసేవాళ్లెవరు? ఒక పాత రికార్డు కవరు తీసుకుని అతుకులు ఊడదీసి బల్ల మీద పరిచారు. దాని అంచుల వెంబడి గీతలు గీసుకున్నారు. అదే కొలతకు కాగితాలు అచ్చు వేయించి తెచ్చి, నేల మీద కూర్చుని కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు పూసి ఒక్కో కవరూ అంటించారు. మొదటి విడత 1,000 కాపీలు. ఆ రికార్డుతోనే డిస్కార్డ్ రికార్డ్స్ అనే వాళ్ల సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, మొదలైంది. తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన రికార్డులకూ స్నేహితులంతా చేరి ఇలాగే వేల కవర్లు అంటించారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 5 డాలర్ల టికెట్‌కు మూలం నాకు ఆ జిగురు డబ్బాలోనే కనిపిస్తుంది. ఒక పనిని విప్పి చూసి, అది మనమే చేసుకోగలమని 18 ఏళ్లకే తెలుసుకున్నవాడికి తర్వాత ఎవరి పర్సెంటేజీ చూసినా అనుమానమే కలుగుతుంది.

ఏ వయసువాళ్లయినా రావచ్చన్న నియమం వెనకా ఒక సంగతి ఉంది. 1980లో టీన్ ఐడిల్స్ కుర్రాళ్లు బస్సెక్కి కాలిఫోర్నియా వెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మబూహే గార్డెన్స్ అనే క్లబ్బులో తాగే వయసు రానివాళ్ల చేతి మీద నల్ల సిరాతో ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపేవారు. ఆ గుర్తున్నవాడికి బార్లో మందు పోయరు, పాట మాత్రం వినొచ్చు. తిరిగొచ్చాక డీసీలోని 9:30 క్లబ్బును ఈ పద్ధతికి ఒప్పించారు. అమెరికాలో చిన్న కచేరీ హాళ్లకు లాభం మందు మీదే. 1984లో వచ్చిన కేంద్ర చట్టంతో తాగే వయసు దేశమంతటా 21కి చేరడంతో, పాట అవసరం ఎక్కువగా ఉండే 16, 17 ఏళ్ల పిల్లలకు తలుపులు మూసుకుపోసాగాయి. మెకై తర్వాతి బ్యాండు మైనర్ థ్రెట్ 1981లో మందూ సిగరెట్లూ వద్దనే పాట ఒకటి చేసింది. దాన్నుంచి స్ట్రెయిట్ ఎడ్జ్ అనే ఉద్యమమే లేచింది. ఉద్యమం పెట్టాలని తాను అనుకోలేదని మెకై మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

మైనర్ థ్రెట్ 1983లో ఆగిపోయింది. అప్పటికే కచేరీలు కొట్లాటలుగా మారాయి. స్టేజీ ముందు గుద్దుకునేవాళ్ల ధాటికి అమ్మాయిలు వెనక గోడ దగ్గరకు జరిగిపోయారు. 1985 వేసవిలో డీసీ కుర్రకారు దీని నుంచి పక్కకు వచ్చి కొత్త బ్యాండ్లు పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు డప్పులతో వర్ణవివక్షను నిరసించారు. ఆ కాలానికి రివల్యూషన్ సమ్మర్ అని పేరు పెట్టుకున్నారు. గై పిచియోటో, బ్రెండన్ క్యాంటీ ఉన్న రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ ఆ కాలపు బ్యాండ్లలో ముఖ్యమైనది.

ఫుగాజీ మొదటి కచేరీ 1987 సెప్టెంబరు 3న డీసీలోని విల్సన్ సెంటర్లో జరిగింది. గిటారూ పాటా మెకై, బాస్ గిటారు జో లాలీ, డ్రమ్స్ క్యాంటీ. పిచియోటో కొద్ది రోజులకు వచ్చి చేరాడు. మొదట్లో అతను పాడడం, ఎగిరి దూకడమే, గిటారు తర్వాత పట్టాడు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన మాట నుంచి బ్యాండు పేరు తీసుకున్నారు. మాటువేసిన శత్రువుకు చిక్కి, చచ్చి, సంచిలో జిప్పు వేయించుకునే గతికి వాళ్లు పెట్టుకున్న బూతుమాట అది. పాటల్లో లాలీ బాస్ జమైకా రెగె సంగీతం లాగా నింపాదిగా నడుస్తుంటే, దాని మీద రెండు గిటార్లు ఒకదానితో ఒకటి వాదులాడుకుంటాయి. వేగమే పంక్ అనుకునేవాళ్లకు ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దాలు కొత్త.

ఇక లెక్కకు వద్దాం. ఒక బ్యాండు ఊరూరా తిరిగితే వచ్చిన డబ్బులో మేనేజరుకు ఇంత, బుకింగ్ ఏజెంటుకు ఇంత, లాయరుకు ఇంత, హోటలుకు, సిబ్బందికి, లేబుల్ ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి ఇంత అని పోతుంది. ఫుగాజీకి మేనేజరు లేడు. కచేరీలన్నీ మెకై ఫోను పట్టుకుని తనే కుదుర్చుకునేవాడు. తిరగడానికి వ్యాను, పడుకోవడానికి తెలిసినవాళ్ల ఇళ్లు. రికార్డులు సొంత లేబుల్ డిస్కార్డ్‌లోనే. అక్కడ బ్యాండ్లతో రాతకోతలు ఉండవు, నోటిమాటే. ఖర్చులు పోగా మిగిలింది బ్యాండుకు సగం, లేబుల్‌కు సగం. రికార్డింగు ఎక్కువగా డాన్ జియెంటారా నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో. టీ షర్టులు అమ్మలేదు. దుకాణాలవాళ్లు రేటు పెంచకుండా, పోస్టులో తెప్పించుకుంటే ఎంత పడుతుందో డిస్కార్డ్ తన రికార్డుల మీదే అచ్చు వేసేది.

ఇన్ని చేతులు తగ్గాయి కాబట్టి 5 డాలర్లతోనే వాళ్లకు గడిచింది, మిగిలింది కూడా. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. త్యాగమూర్తుల్లా వాళ్లను చూస్తే కథ తప్పిపోతుంది.

చౌక టికెట్‌కు, ఏ వయసువాళ్లయినా సరే అనే నియమానికి మామూలు బార్లు కుదరవు. అందుకే చర్చిల కింది హాళ్లలోనూ బడి జిమ్ములలోనూ కమ్యూనిటీ హాళ్లలోనూ పాడారు. 1988లో ఫిలడెల్ఫియాలో ఒక జిమ్ములో పిచియోటో బాస్కెట్‌బాల్ రింగులోకి దూరి, కాళ్లు పైకీ తల కిందికీ వేలాడుతూ పాడాడు. 1999లో జెమ్ కోహెన్ తీసిన ఇన్‌స్ట్రుమెంట్ అనే డాక్యుమెంటరీలో ఆ దృశ్యం ఉంది. చూడండి. స్టేజీ అనేదే లేని చోట ఆ మనిషి తనకు ఎత్తు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కున్నాడు.

అదే సినిమాలో ఇంకోచోట, జనాన్ని గుద్దుతున్న ఒకణ్ని పిచియోటో మైకులో నిలదీస్తాడు. ఇందాక నువ్వు ఐస్‌క్రీం బండి దగ్గర చిన్న పిల్లాడిలా ఐస్‌క్రీం తింటుంటే చూశాను, ఇప్పుడేమో ఇక్కడ రౌడీలా నటిస్తున్నావు అని వాడి పరువు తీస్తాడు. కొట్లాట మొదలైతే ఫుగాజీ పాట ఆపేసేది. ముందు మర్యాదగా చెప్పేవారు. వినకపోతే 5 డాలర్ల నోటు పెట్టిన కవరు వాడి చేతిలో పెట్టి బయటకు నడిపించేవారు. ఆ కవర్లు ముందే సిద్ధం చేసుకుని ఉంచేవారు. నీ డబ్బు నీకిచ్చేశాం, ఇక నీకూ మాకూ సంబంధం లేదు. టికెట్ 50 డాలర్లయితే ఇంత తేలిగ్గా ఆ మాట అనగలిగేవారా?

సొంత ఊరు డీసీలో వాళ్ల కచేరీలు దాదాపు అన్నీ బెనిఫిట్ షోలే. మన దగ్గర ఆ మాటకు విడుదల రోజు తెల్లవారుజామున ఎక్కువ ధరకు వేసే ఆట అన్న అర్థం స్థిరపడిపోయింది. అక్కడ అది అసలు అర్థంలోనే ఉంది. 1985లో మొదలైన పాజిటివ్ ఫోర్స్ అనే యువజన బృందంతో కలిసి ఉచిత వైద్యశాలలకు, ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేసేవాళ్లకు నిధులు పోగుచేశారు. ఫోర్ట్ రెనో పార్కులో ఊరికే పాడేవారు. 1991 జనవరి 12న, గల్ఫ్‌లో బాంబులు పడటానికి కొద్ది రోజుల ముందు, వైట్‌హౌస్ ఎదుటి లాఫయెట్ పార్కులో చలిలో నిలబడి యుద్ధం వద్దని పాడారు.

అదే ఏడాది సెప్టెంబరులో నిర్వాణ అనే బ్యాండు ఆల్బమ్ నెవర్‌మైండ్ వచ్చి ఆటంతా మార్చేసింది. పంక్‌లో డబ్బుందని పెద్ద కంపెనీలకు తెలిసింది. డిస్కార్డ్‌లోనే ఉన్న బ్యాండ్లు జాబాక్స్ అట్లాంటిక్‌కు, షడర్ టు థింక్ ఎపిక్‌కు వెళ్లిపోయాయి. వాళ్లను తప్పు పట్టలేను. ఇల్లు గడవడం అందరికీ ఒకలా ఉండదు. ఫుగాజీ దగ్గరకూ కంపెనీలవాళ్లు వచ్చారు. 1993లో న్యూయార్క్ రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో కచేరీ అయ్యాక అట్లాంటిక్ రికార్డ్స్ వ్యవస్థాపకుడు అహ్మెత్ ఎర్తెగున్ స్వయంగా స్టేజీ వెనక్కి వచ్చి ఏం కావాలన్నా ఇస్తానన్నాడు. రోలింగ్ స్టోన్స్‌కు సొంత లేబుల్, కోటి డాలర్లు ఇస్తానన్న తర్వాత మళ్లీ ఇలాంటి మాట అంటున్నది ఇప్పుడేనన్నాడు. వాళ్లు వద్దన్నారు. ఆ ఏడాదే వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్ ఏ పెద్ద కంపెనీ అండా లేకుండానే అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200కెక్కింది.

ఆ మరుసటేడు పెర్ల్ జామ్ ఇదే టికెట్ గొడవలో ఇంకో దారి పట్టింది. టికెట్ 18 డాలర్లు, దాని మీద సర్వీసు ఛార్జీ 1.80 డాలర్లు దాటకూడదని టికెట్‌మాస్టర్‌ను అడిగింది. కుదరలేదు. 1994 జూన్ 30న ఆ బ్యాండు సభ్యులు ఇద్దరు ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు వాంగ్మూలం ఇచ్చారు. న్యాయశాఖ విచారణ మొదలుపెట్టి, 1995లో ఏ చర్యా లేకుండా మూసేసింది. పెర్ల్ జామ్ స్టేడియాల్లో పాడే బ్యాండు, వాళ్లకు ఆ హాళ్లు తప్పవు, ఆ హాళ్లకు టికెట్‌మాస్టర్ తప్పదు. ఫుగాజీ ఆ దారిలోకే అడుగు పెట్టలేదు. చిన్నగా ఉండిపోవడం ఒక నిర్ణయం కాగలదని పెద్ద బ్యాండ్లకు తట్టేసరికి వాళ్లకు ఆ అవకాశం దాటిపోయి ఉంటుంది.

2001లో ఫుగాజీ ఆల్బమ్ ది ఆర్గ్యుమెంట్ వచ్చింది. నా ఓటు ఆ ఆల్బమ్‌కే. 2002 నవంబరు 4న లండన్‌లో పాడిన తర్వాత మళ్లీ ఆ నలుగురూ ఫుగాజీ పేరుతో స్టేజీ ఎక్కలేదు. విడిపోయామని ఎప్పుడూ చెప్పలేదు, విరామం అన్నారంతే.

వాళ్లతో తిరిగిన సౌండ్ ఇంజినీర్లు ఏళ్ల తరబడి కచేరీలను క్యాసెట్ల మీద, డాట్ అనే డిజిటల్ టేపుల మీద, సీడీల మీద రికార్డు చేసి ఉంచారు. అలాంటివి 800కు పైగా ఉన్నాయి. 2011 డిసెంబరు నుంచి వాటిని ఒక్కొక్కటిగా శుభ్రం చేసి శ్రోతల ముందు పెడుతున్నారు. మొదలుపెట్టినప్పుడు ఒక్కో కచేరీకి అడిగిన ధర 5 డాలర్లు. ఇవ్వలేనివాళ్లు 1 డాలరు ఇవ్వొచ్చన్నారు, ఇష్టముంటే 100 దాకా ఇవ్వొచ్చన్నారు. ఒక్కో కచేరీకి ఒక్కో పుట ఉంది. అందులో తేదీ, ఊరు, హాలు, ఎంతమంది వచ్చారు, టేపు చేసిందెవరు అన్న వివరాలతో పాటు ఆ రోజు తలుపు దగ్గర తీసుకున్న టికెట్ ధర కూడా రాసి ఉంటుంది.