ఐస్ హాకీ ఫార్వర్డ్: స్టాండ్స్‌లో వినిపించే అపోహలు, మంచు మీది వాస్తవాలు

టొరంటో పక్కనున్న మిసిసాగాలో పిల్లలకు ఐస్ హాకీ నేర్పుతుంటాను. ఈమధ్య మన తెలుగువాళ్ల పిల్లలూ వస్తున్నారు. రింక్ చలికి దుప్పట్లు కప్పుకుని కూర్చున్న అమ్మానాన్నలు నన్ను అడిగేవాటికి, చాలావరకు ఇదే ఊళ్లో పుట్టిన మాజీ ఐస్ హాకీ ఫార్వర్డ్ మానీ మల్హోత్రా కెరీర్‌లోనే జవాబులున్నాయి. ఆయన తండ్రిది భారతీయ మూలం, తల్లి ఫ్రెంచ్ కెనడియన్.

అపోహ: "మావాడు గోల్స్ కొట్టడం లేదండీ, ఫార్వర్డ్‌గా పనికిరాడేమో."

మల్హోత్రా ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 991 మ్యాచ్‌లు ఆడి కొట్టినవి 116 గోల్స్. ఎనిమిదిన్నర మ్యాచ్‌లకు ఒకటి చొప్పున! అయినా ఏడు జట్లు ఆయన్ని తీసుకున్నాయి. మ్యాచ్‌లో వంతులవారీగా దిగే పన్నెండు మంది ఫార్వర్డ్‌లలో గోల్స్ కోసం ఉండేవాళ్లు కొందరే. ఆధిక్యాన్ని కాపాడటానికీ, మనవాడొకడు తప్పు చేసి పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్న రెండు నిమిషాలు గట్టెక్కించడానికీ కూడా మనుషులు కావాలి. మల్హోత్రాకి తిండి పెట్టింది ఆ పనే. దానితోపాటు ఫేసాఫ్: ఆట మొదలుపెట్టడానికి లైన్స్‌మన్ అనే అధికారి వదిలే పక్ (రబ్బరు బిళ్ల) కోసం ఇద్దరు ఎదురెదురుగా పోటీపడటం.

అపోహ: "ఫేసాఫ్ ఏముందండీ, టాస్ వేసినట్టే కదా!"

ఈ మాటకు మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి ఫేసాఫ్ తీసుకునే సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) చేతుల్నే గమనించండి. కింది చేతి పట్టు తిప్పేస్తాడు, రెండు అరచేతులూ ఒకే వైపుకి వస్తాయి. అలా పట్టుకుంటే పక్‌ని స్టిక్ వెనకవైపుతో బలంగా తన డిఫెన్స్‌మన్ దగ్గరికి లాగొచ్చు. నడుము వంచి, ఆ చేతిని బాగా కిందికి దించి, చూపంతా లైన్స్‌మన్ చేతి మీదే పెడతాడు. పక్ మంచుని తాకేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. తొందరపడి ముందే కదిలితే లైన్స్‌మన్ పక్కకి పంపేస్తాడు, అలవాటు లేని వింగర్ (పక్కన ఆడే ఫార్వర్డ్) వచ్చి నిలబడాల్సి వస్తుంది. పైగా సొంత జోన్‌లో, అంటే మన గోల్ వైపు, ముందు స్టిక్ దించాల్సింది మనమే, ఎదుటివాడికి అర క్షణం లాభం. అక్కడ ఓడితే పక్ నేరుగా మన గోలీ మీదికి వస్తుంది. 2010-11లో వాంకూవర్ తరఫున ఆడుతూ మల్హోత్రా 60 శాతానికి పైగా ఫేసాఫ్‌లు గెలిచాడు. అదృష్టం ఏడాది పొడవునా అలా కలిసిరాదు.

అపోహ: స్టార్ అయితే 60 నిమిషాలూ ఆడతాడు.

ఆడడు. ఒక్కో షిఫ్ట్ (ఒకసారి మంచు మీదికి దిగి ఆడే సమయం) సుమారు 45 సెకన్లు, ఆ తర్వాత బెంచీకి రావాల్సిందే. పెద్ద ఫార్వర్డ్‌లు కూడా మ్యాచ్ మొత్తంలో మంచు మీద ఉండేది 20 నిమిషాల అటూ ఇటూ. "మావాణ్ణి ఎందుకు దించేశారు?" అని నా మీద కోప్పడకండి.

అపోహ: డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అంటే జీవితం సెటిలైనట్టే.

డ్రాఫ్ట్ అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. 1998లో న్యూయార్క్ రేంజర్స్ మల్హోత్రాని ఏడో పిక్‌గా తీసుకుంది. అక్కడ నిలదొక్కుకోలేదు. డాలస్‌కి వెళ్లాడు. 2003లో డాలస్ వేవర్స్‌లో పెడితే (కావాల్సిన జట్టు తీసుకోవచ్చని వదిలేస్తే) కొలంబస్ తీసుకుంది, స్థిరమైన చోటు దొరికింది అక్కడే. ఇటు మార్టిన్ సెయింట్ లూయీని డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. పొట్టివాడన్నారు. 2004లో టాంపా బేతో ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచి, అదే ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

అపోహ: దెబ్బ తగిలినా పళ్లు బిగించి ఆడేవాడే అసలు ఆటగాడు.

2011 మార్చిలో పక్ వచ్చి మల్హోత్రా ఎడమ కంటికి తగిలింది. ఒకటికి మించి ఆపరేషన్లయ్యాయి. అయినా జూన్‌లో, బోస్టన్‌తో స్టాన్లీ కప్ ఫైనల్స్‌కి తిరిగొచ్చాడు. జనం గుర్తుపెట్టుకున్నది ఇక్కడిదాకే. 2013లో, ఈ చూపుతో ఆడితే ప్రమాదమని వాంకూవర్ జట్టే ఆయన్ని మిగతా సీజన్ పక్కన పెట్టింది. ఆయనకి ఆడాలనే ఉంది. జట్టు చేసింది సరైన పనేనని నా ఉద్దేశం. ఆ శరత్కాలంలో ఆయన కింది లీగ్ జట్టు షార్లట్‌లో ట్రయల్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి కరోలినాకి ఎక్కాడు. మీ పిల్లల మాస్క్ విషయంలో మాత్రం నాతో బేరాలాడొద్దు. కేజ్ (ముఖం ముందుండే కమ్మీల జాలి) లేకుండా రింక్‌లోకి రానివ్వను.

అపోహ: ఆట ఆగిపోతే చేతిలో ఇంకేం ఉండదు.

చాలామందికి నిజంగానే కష్టం, కాదనను. కానీ ఫేసాఫ్, పెనాల్టీ కిల్ (మనవాడొకడు తక్కువున్నప్పుడు గోల్ పడకుండా కాపాడటం) లాంటి పనులతో బతికినవాళ్లకి ఆట లోపలి లెక్కలు బాగా తెలుస్తాయి. మల్హోత్రా వాంకూవర్‌లో, టొరంటోలో అసిస్టెంట్ కోచ్‌గా చేశాడు. కింది లీగ్ జట్టు ఆబట్స్‌ఫర్డ్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిన మొదటి సీజన్‌లోనే, 2025లో, ఆ లీగ్ టైటిల్ కాల్డర్ కప్ గెలిపించాడు. ఫైనల్లో ఓడించింది ఒకప్పుడు తాను ట్రయల్‌కి వెళ్లిన షార్లట్‌నే.